మొదటి పేరు, 1390వ పేరు

2016 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఇద్దరు బేస్‌బాల్ ఆటగాళ్లు ఒకే వేదిక మీద హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. కెన్ గ్రిఫీ జూనియర్ 1987 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలిచిన పేరు. మైక్ పియాజాను 1988లో 62వ రౌండులో, 1390వ వాడిగా తీసుకున్నారు. అదీ డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా అతని తండ్రికి పాత స్నేహితుడు కాబట్టి. గ్రిఫీ 630 హోమ్ రన్లు కొట్టాడు. పియాజా కొట్టిన 427లో 396 క్యాచర్‌గా ఆడుతూ కొట్టినవే. ఆ రికార్డు నేటికీ అతనిదే.

హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఈ డ్రాఫ్ట్ 1965లో మొదలైంది. మొదటి పేరుగా వినబడిన వాళ్లలో ఇప్పటిదాకా హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరింది నలుగురే: గ్రిఫీ, చిప్పర్ జోన్స్, హెరాల్డ్ బెయిన్స్, జో మావర్.

రెండుసార్లు మొదటి పేరైనవాడూ ఒకడున్నాడు. డానీ గుడ్‌విన్‌ను 1971లో వైట్ సాక్స్ పిలిస్తే కాదని కాలేజీకి వెళ్లాడు. 1975లో ఏంజెల్స్ మళ్లీ మొదటే పిలిచారు. క్యాచర్‌గా అంత గిరాకీ ఉన్న ఆ కుర్రాడు మేజర్ లీగుల్లో క్యాచర్‌గా ఒక్క ఆటైనా ఆడలేదు.

1966లో మెట్స్ జట్టు రెజీ జాక్సన్‌ను వదిలేసి స్టీవ్ చిల్కాట్‌ను ఎంచుకుంది. భుజం దెబ్బతిని చిల్కాట్ మేజర్ లీగుల గడప తొక్కలేదు. జాక్సన్ 563 హోమ్ రన్లు కొట్టాడు. అరవై ఏళ్లుగా చిల్కాట్ పేరు పక్కన ఆ అంకె వేసి చూపించడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎంచుకున్నది జట్టు, దెబ్బతిన్నది పద్దెనిమిదేళ్ల కుర్రాడి భుజం.

మరీ బాధపెట్టేది మరో మొదటి పేరు డేవిడ్ క్లైడ్ కథ. 1973లో టెక్సస్ రేంజర్స్‌కు ప్రేక్షకులు కరువు. హైస్కూల్లో చివరి ఆట ఆడి నెలైనా తిరగని ఆ పద్దెనిమిదేళ్ల పిచ్చర్‌ను జూన్ 27న నేరుగా మేజర్ లీగు మైదానంలో దించారు. స్టేడియం నిండింది, 35 వేలమందికి పైగా వచ్చారు. ఐదు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్టే ఇచ్చి గెలిచాడు. కానీ అదే ఐదు ఇన్నింగ్స్‌లో గురి తప్పి ఏడుగురికి వాక్స్ ఇచ్చాడు. మైనర్ లీగుల్లో ఇంకా నేర్చుకోవాలని ఆ అంకే చెబుతోంది. మేనేజర్ వైటీ హెర్జాగ్ అతన్ని అక్కడికే పంపాలన్నాడు, టికెట్లు తెగుతుంటే యజమాని వినలేదు. 24 ఏళ్లకే క్లైడ్ మేజర్ లీగ్ జీవితం ముగిసింది: 18 గెలుపులు, 33 ఓటములు. అంచనాలు తప్పింది క్లైడా, రేంజర్సా? రేంజర్సే అంటాను.

1991 మొదటి పేరు బ్రయన్ టేలర్‌కు యాంకీస్ 15.5 లక్షల డాలర్లు ఇచ్చింది. అంతకుముందు ఏడాది ఓ పేరున్న పిచ్చర్‌కు దక్కినంత తన కొడుక్కీ కావాలని తల్లి పట్టుబట్టి సాధించింది. 1993 డిసెంబరులో తోడబుట్టినవాడి గొడవలోకి దిగి భుజం చితికించుకున్నాడు. ఆ తర్వాత మేజర్ లీగుల దాకా రాలేకపోయాడు.

2009 మొదటి పేరు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కైతే తీర్పు చెప్పడమే కష్టం. మొదటి ఆటలోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2019 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు. ఆ తర్వాత ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. గాయాల వల్ల దాని కింద ఆడింది ఎనిమిది ఆటలే. నేనైతే అంచనాలు అందుకున్నాడనే అంటాను, వాషింగ్టన్ నగరానికి 1924 తర్వాత వరల్డ్ సిరీస్ మళ్లీ దక్కింది అతని చేతిమీదుగానే. అదే 2009 డ్రాఫ్ట్‌లో 25వ పేరుగా పిలిచిన మైక్ ట్రౌట్ మూడుసార్లు ఎంవీపీ (లీగులో ఉత్తమ ఆటగాడు) అయ్యాడన్నదీ నిజమే.

2013 మొదటి పేరు మార్క్ అపెల్ 2018లో ఆట మానేశాడు. మళ్లీ వచ్చి, 2022 జూన్‌లో ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున 30 ఏళ్ల వయసులో తొలి మేజర్ లీగ్ ఇన్నింగ్స్ వేశాడు. పరుగులేమీ ఇవ్వలేదు.