ఉగాది కమిటీలో మైకు ఎవరిది?

అమెరికాలో ఉగాది పంచాంగం చెప్పిన రోజున రాదు, స్కూలు ఆడిటోరియం ఖాళీగా ఉన్న శనివారం వస్తుంది. ఆ శనివారాన్ని దొరకబుచ్చుకోవడంతో మన సంఘం ఉగాది కమిటీ పని మొదలవుతుంది. హాలు అద్దె, ఇన్సూరెన్సు కాగితాలు, సౌండు, పిల్లల డాన్సులు, భోజనాలు, చివరికి వేపపువ్వు కూడా. అధ్యక్షులు మారుతూంటారు గానీ ఈ కమిటీ మాత్రం తన తగాదాలతో సహా సాగుతూనే ఉంది.

1965 వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఇందులో పెద్దవాళ్లు. 1977లో న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరిపి ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి (తానాకు) పునాది వేసిన తరం అది. తర్వాత హెచ్1బి వీసా మీద, వై2కె కంప్యూటర్ సమస్య తెచ్చిన గిరాకీలో దిగిన సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఆపైన ఇక్కడే పుట్టినవాళ్లు.

ఏటా గొడవ వచ్చేది కార్యక్రమాల పట్టిక దగ్గర. రాత్రి పదికి హాలు ఖాళీ చేయాలి, దాటితే అదనపు అద్దె. అందుకని కుర్రాళ్లు డాన్సుకు ఐదు నిమిషాలని రాసిస్తారు. కమిటీ పెద్దాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన ప్రతి పిల్లనూ స్టేజి ఎక్కిస్తారు.

"అంకుల్, టైమ్ అయిపోయింది."

"ఉండవోయ్. చిన్నప్పుడు నువ్వు పద్యం మరిచిపోయి నిలబడితే నేను గడియారం చూశానా?"

ఆయన లెక్క ఆయనకుంది. ఒక్క పిల్ల ఆడితే ఇంటిల్లిపాదీ వస్తారు, సభ్యత్వాలు నిలబడతాయి. అయినా నా ఓటు కుర్రాళ్లకే. అర్ధరాత్రి కుర్చీలు సర్దేది వాళ్లు.

హైస్కూలు పిల్లలు సేవా గంటల పత్రం మీద సంతకం అడిగినా పెద్దలకు చిరాకే. 2003లో పెట్టిన ప్రెసిడెంట్ వాలంటీర్ సర్వీస్ అవార్డులో పదహారేళ్లు నిండినవాళ్లకు కంచు పతకం కావాలంటే 100 గంటలు చేయాల్సి ఉండేది. "సేవకు పతకమేమిటి?" అంటారు. మన సంఘం పత్రిక ఇదే సంచికలో దాతల ఫోటోలు రంగుల్లో వేసుకున్న మనం ఆ మాట అనకపోతేనే బాగుంటుంది.

తరాల తేడా అని మనం సర్దిచెప్పుకునేది చాలావరకు పెత్తనం తగాదా. పెద్దవాళ్లు సంఘం పెట్టినప్పుడు వాళ్ల వయసు ముప్పైల్లో ఉంది. పైన అడగడానికి ఎవరూ లేరు, చెక్కు మీద సంతకం వాళ్లదే. ఇవాళ ఆ వయసు అమ్మాయి ఆఫీసులో పెద్ద టీమును నడిపి వచ్చి ఇక్కడ పేపరు ప్లేట్లు లెక్కపెడుతోంది. ఏదైనా చెప్పబోతే "నీకు తెలీదులేమ్మా" అంటారు. మరుసటేడు ఆమె కనబడదు. ఈ తరానికి సంస్కృతి అక్కర్లేదని మనం నిట్టూర్చేలోపు ఆమె ఏ తెలుగు బడిలోనో వారాంతపు పాఠం చెబుతూంటుంది. 2007లో సిలికానాంధ్ర సంస్థ మొదలుపెట్టిన మనబడి లాంటివి నడిచేది అలాంటివాళ్ల వల్లే. అక్కడ తరగతి ఆమె చేతిలో ఉంటుంది.

ఈసారి కమిటీ కొంత దిగివచ్చింది. స్టేజి, మైకు, వాటి బడ్జెట్టు కుర్రాళ్లకు అప్పగించారు. పచ్చడి పెద్దల చేతిలోనే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. వ్యాఖ్యానం తెలుగులోనే ఉండాలని పెద్దాయన షరతు పెట్టారు.

"సరే అంకుల్. కానీ ప్రసంగాలు రెండేసి నిమిషాలే. మీది కూడా."

ఆయన పది అడిగారు. నాలుగు దగ్గర బేరం తెగింది.