సర్వరునకు ర్యాము పలకల నమర్చుట

హైదరాబాదునందలి జూబ్లీహిల్సు ఒకప్పుడు గుండ్రాళ్ళును ముళ్ళపొదలును నిండిన గుట్టల ప్రదేశము. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976లో ఆ గుట్టల చెంత వెలసినది. పిమ్మట మదరాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ తరలివచ్చి, ఫిలింనగరు ఏర్పడినది. నేడచ్చట చిత్రనిర్మాణమంతయు కెమెరా యెదుటనే జరుగుట లేదు. చల్లని గదులలో, ఇనుప చట్రములందు ఒకదానిపై నొకటిగా పేర్చిన యంత్రములు రాత్రింబవళ్ళు బొమ్మలు కట్టుచుండును. వానికే సర్వరులని పేరు. మన పల్లెలనుండి వెళ్ళిన యువకులు కొందరు అట్టి గదులలో పనిచేయుచున్నారు. చిత్రాంతమున తెరపై పరుగెత్తు పేర్లలో వారివియు నుండును గాని, అవి చదువుటకు ఆగువారు అరుదు. వారు చేయు పనులలో ఒక్కదానిని మాత్రము, అనగా సర్వరునకు ర్యాము పలకలను అమర్చుటను, ఇప్పుడు వివరింతును.

2012లో విడుదలయిన రాజమౌళిగారి 'ఈగ' చిత్రము మీలో పలువురు చూచియుందురు. ఈగకు నటన నేర్పు గురువు లేడు గదా! అందలి ఈగ కంప్యూటరులో పుట్టిన బొమ్మ. అట్టి బొమ్మల భారమెంతయో లెక్క చూతము. తెరపై సెకనునకు 24 బొమ్మలు మారును, నిమిషమునకు 1,440. రెండున్నర గంటల చిత్రమునకు 2,16,000 బొమ్మలు. పెద్ద తెర కొరకు సిద్ధపరచు బొమ్మలో అడ్డముగా 4,096, నిలువుగా 2,160 చుక్కలుండవచ్చును. వెరసి 88 లక్షలకు పైమాట. ఒక్కొక్క చుక్క రంగును, పారదర్శకతను వ్రాసియుంచుటకు ఎనిమిది బైట్లు చొప్పున వేసినను, ఒక్క బొమ్మకు 7 కోట్ల బైట్లు పట్టును. ఇది పూర్తియైన బొమ్మ సంగతి. దానిని కట్టునపుడు రెక్కల మీది నూగు, కంటిలోని మెరుపు, గోడమీది నీడ, అన్నియు ఒక్కమారే యంత్రమునకు చేతికందియుండవలెను.

ఆ చేతికందు చోటే ర్యాము. సర్వరులోని డిస్కు గాదె వంటిది. ర్యాము కళ్ళము వంటిది. కళ్ళము ఇరుకైనచో కూలీలెందరున్నను పని సాగదు. మాటిమాటికి గాదెకు పరుగెత్తవలసినదే. అయితే ఒక భేదము కలదు. విద్యుత్తు ఆగిన మరుక్షణమున ఈ కళ్ళము వట్టిదగును.

ఏలననగా, ర్యాములోని ఒక్కొక్క గడి ఓటికుండ. 1966లో అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందలి రాబర్టు డెన్నార్డుగారు ఊహించిన ఏర్పాటిది. గడిలో పోసిన విద్యుత్తు కారిపోవుచునే యుండును గనుక, సాధారణముగా సెకనులో వెయ్యవ వంతులు 64 గడచులోగా దానిని మరల నింపుచుండవలెను. ఒక గిగాబైటుకే ఇట్టి గడులు 800 కోట్లకు పైగా నుండును. వానిలో ఏదో ఒకటి, ఆకాశమునుండి వచ్చు సూక్ష్మకణముల తాకిడివలననో, పలక లోపముచేతనో, ఒకటికి సున్నయై మారవచ్చును. యంత్రము ఆగిపోయినచో మంచిదే, తప్పు తెలియును. ఆగక, తప్పు లెక్కతోనే తెల్లవార్లు బొమ్మలు కట్టుచుపోవుటయే నష్టము.

అందుచేత సర్వరులలో తప్పు దిద్దుకొను పలకలనే వాడుదురు. ఈ ఉపాయము కరణముల లెక్కపుస్తకము నెరిగిన మీకు సులభముగా బోధపడును. ధాన్యపు లెక్కను గడులలో వ్రాసి, ప్రతి అడ్డువరుసకును ప్రతి నిలువువరుసకును మొత్తములు వేసితిమనుకొనుడు. ఒక గడిలో అంకె చెడినచో, ఒక అడ్డు మొత్తమును ఒక నిలువు మొత్తమును కుదరవు. ఆ రెండు వరుసలు కలియు గడియే తప్పు గడి. ఇటువంటి దిద్దుబాటునకు ఇంకను పొదుపైన మార్గమును రిచర్డు హామింగుగారు 1950లో ప్రకటించిరి. ఆ త్రోవనే నేడు 64 గడులకు ఎనిమిది కావలి గడులను చేర్చుచున్నారు. ఒక తప్పయినచో యంత్రము తానే దిద్దుకొనును. రెండయినచో దిద్దలేదు గాని, కనిపెట్టి తెలుపును.

ఇక అమర్చు విధము. ముందుగా సర్వరును ఆజ్ఞమూలముగా నిద్రపుచ్చి, తరువాత విద్యుత్తు తీగలను ఊడదీయవలెను. సర్వరులకు సాధారణముగా రెండు తీగలుండును. ఒకటి తీసి రెండవది మరచుట కలదు. పిమ్మట మణికట్టునకు పట్టీ కట్టుకొని, దాని తీగను యంత్రపు ఇనుపపెట్టెకు తగిలింపవలెను. చలికాలమున చీకటిలో గొంగళి దులిపినపుడు చిటపటలాడు మెరుపు చూచియుందురు. పొడిగాలి గల ఆ గదులలో అట్టి విద్యుత్తు మన దేహమునందును చేరును. చేతికి చురుక్కని తోచుటకే సుమారు 3,000 వోల్టులు కావలెను. పలకను చెరచుటకు అంతకన్న ఎంతో తక్కువ చాలును. మనకు తెలియకయే తగిలిన ఆ దెబ్బ కొన్నాళ్ళకు గాని బయటపడకపోవచ్చును.

మూతను తీసిన తరువాత, ఏ పలక ఏ గాడిలో ముందు వేయవలెనో తయారీదారుల పటమును చూచియే నిర్ణయింపవలెను. ఊహ పనికిరాదు. రెండు ప్రాసెసరులున్నచో ఇరువైపుల సమముగా వేయుట మేలు. కాడిలో ఎడ్లు జోడు కుదరనిచో నాగలి సాగనట్లే, హెచ్చుతగ్గులైనచో వేగము కుంటుపడును. డి.డి.ఆర్. 4, డి.డి.ఆర్. 5 అను రెండు తరములకును పిన్నులు 288యే. కాని మొదటిది 1.2 వోల్టులకు, రెండవది 1.1 వోల్టులకు ఏర్పడినవి. పొరపాటు జరుగకుండుటకై అడుగునందలి గాటును వేర్వేరు చోట్ల పెట్టిరి. గాటు కుదరనిచో బలము చూపరాదు. కుదిరినచో బంగారుపూత అంచును ముట్టక, పలకను నిలువుగా నిలిపి, రెండు కొనలను బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కవలెను. కొనలయందలి కొక్కెములు టక్కుమని వానంతట అవే మూసికొనును.

మూత వేసి మరల విద్యుత్తు నిచ్చిన పిమ్మట తెర కొన్ని నిమిషములు చీకటిగానే యుండవచ్చును. యంత్రము క్రొత్త పలకలను పరీక్షించుకొనుచున్న వేళ అది. అనుభవము లేనివాడు చెడిపోయినదని తలచి మధ్యలో ఆపివేయును. ఓర్పుతో వేచియుండవలసిన తావిదియే. తరువాత తెరపై చూపిన మొత్తము, వేసిన పలకల మొత్తముతో సరిపోయినదా యని చూడవలెను. నాలుగు 64 గిగాబైట్ల పలకలు వేసి 192 మాత్రమే కనబడినచో, ఒకటి సరిగా కూర్చుండలేదనియో, చెడినదనియో తెలియవలెను. సరిపోయినను వెంటనే చిత్రపు పని నప్పగింపక, ఒక రాత్రి పరీక్ష నడుపుట మంచి పద్ధతి. అటుపైని సర్వరు తాను దిద్దుకొన్న తప్పులను చిట్టాలో వ్రాసికొనుచుండును. ఒకే పలకపై ఆ లెక్క దినదినము పెరుగుచున్నచో, అది పూర్తిగా చెడువరకు ఆగక, పని లేని వేళ చూచి మార్చివేయుదురు.