మీకు తెలుసా? క్షతగాత్రులకు ‘ఫాస్ట్’ పరీక్ష
సీటీ స్కాన్ లేని గ్రామీణ ఆసుపత్రిలోనూ, ప్రమాదంలో గాయపడినవారికి కడుపులో గానీ గుండె చుట్టూ గానీ రక్తస్రావం జరుగుతోందేమో చిన్న అల్ట్రాసౌండ్ యంత్రంతో మంచం పక్కనే కొద్ది నిమిషాల్లో పరిశీలించవచ్చు. ‘ఫాస్ట్’ అనే ఈ పరీక్షలో గుండెను చుట్టి ఉండే పొరను, కాలేయానికీ కుడి మూత్రపిండానికీ నడుమ ఉన్న చోటును, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ నడుమ ఉన్న చోటును, పొత్తికడుపును వరుసగా చూస్తారు. ద్రవం ధ్వని తరంగాలను ప్రతిఫలింపజేయదు కనుక అక్కడ చేరిన రక్తం తెరపై నల్లగా కనిపిస్తుంది. ఎక్కువమంది ఒకేసారి గాయపడినప్పుడూ అల్ట్రాసౌండ్ ఉపయోగపడుతుంది: 1988 ఆర్మేనియా భూకంపం తర్వాత 400 మంది క్షతగాత్రులను 72 గంటల్లో అల్ట్రాసౌండ్‌తో పరీక్షించారు. అయితే కొద్దిపాటి రక్తం, పేగుకు పడిన చిల్లు, ఉదరకుహరం వెనుక జరిగే రక్తస్రావం ‘ఫాస్ట్’ పరీక్షలో బయటపడకపోవచ్చు. అందువల్ల తొలి పరీక్షలో ఏమీ కనిపించకపోయినా, రోగిని గమనిస్తూ పరీక్షను మళ్ళీ చేయడం అవసరం.