అందం అద్దే బ్రష్షుకు స్నానమెప్పుడు?

సూరత్ తెలుగు వాడల్లో ఇంటి పార్లర్లు నడిపే మహిళలకు మేకప్ బ్రష్షులే పెట్టుబడి. వాటిని కొనడం తేలికే, కడగడమే అసలు పని.

పోగును కాల్చి చూసి అది పట్టో, పాలిస్టరో చెప్పేయడం సూరత్ మరమగ్గాల కార్మికులకు పెద్ద విద్యేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకైతే అది ఇంట్లో అబ్బిన చదువు. ఆ ఇళ్ల ముందు గదుల్లో అద్దం, కుర్చీ వేసుకుని పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే మహిళలకు అదే పరీక్ష మరోలా పనికొస్తుంది. 'అసలైన మేక వెంట్రుక' అంటూ అమ్మే బ్రష్షు నుంచి ఒక్క పోగు లాగి నిప్పు చూపితే చాలు. జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే అది వెంట్రుక. కరిగి, చివర గట్టి పూసలా ముడుచుకుంటే నైలానో, పాలిస్టరో.

అలాగని రెండోది నాసిరకమనుకుంటే పొరపాటు. వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. పౌడరు వాటిలో చిక్కుకుని ముఖం మీద సమంగా పరుచుకుంటుంది. కాంపాక్టు, బ్లష్ వంటి పొడి సరుకుకు మేక, ఉడుత వెంట్రుకలకు పేరొచ్చింది అందుకే. నున్నని కృత్రిమ పోగు మాత్రం ద్రవాన్ని పీల్చుకోదు. ఫౌండేషన్, కన్సీలర్, లిప్‌స్టిక్‌లకు అదే మేలు. సరుకు వృథా కాదు, కడగడం సులువు, త్వరగా ఆరుతుంది. కొసలు సన్నగా చెక్కి, వంకీలు తిప్పిన కొత్త రకాలు పౌడరును కూడా బాగానే పట్టుకుంటున్నాయి. పాలిస్టర్ మీదే బతికే ఊళ్లో దాన్ని చిన్నచూపు చూడటం విడ్డూరమే.

వెంట్రుక మోజుకు ఇంకో ముఖమూ ఉంది. చిత్రకారుల కుంచెల కోసం మన దేశంలో ముంగిసలను చంపుతూ వచ్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరమైనా ఆగలేదు. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో పలు రాష్ట్రాల్లో తయారీ కేంద్రాలపై దాడులు చేసి వేల సంఖ్యలో కుంచెలను పట్టుకుంది. మేకప్ బ్రష్షుల్లో ముంగిస వెంట్రుక వాడకం అరుదే. అయినా ఏ జంతువుదో చెప్పలేని దుకాణదారు దగ్గర 'నేచురల్ హెయిర్' కొనకపోవడమే క్షేమం.

సంచీలో చుట్టి అమ్మే 24 బ్రష్షుల సెట్టు చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులో సగం బయటికే రావు. పౌడరుకు గుబురుగా పెద్దది, ఫౌండేషన్‌కు ఒత్తుగా ఉన్నది, బుగ్గలకు ఏటవాలుది, కనురెప్పలకు రంగు అద్దే చదునుది, ఆ రంగు అంచులను కలిపేసే మెత్తటిది, పెదాలకు సన్నటిది. ఈ ఆరింటితో పెళ్లి మేకప్ దాటేయొచ్చు. కొనేముందు చేతి వెనక రాసి చూడాలి. గుచ్చుకుంటే వద్దు. పోగులను మెల్లగా లాగితే నాలుగైదు ఊడి వచ్చినా, పిడికీ పోగులకూ మధ్యనున్న లోహపు కట్టు కదిలినా వద్దు.

అసలు చిక్కు ముహూర్తాల రోజున వస్తుంది. పెళ్లికూతురికి వాడిన బ్రష్షే తల్లికి, ఆ తర్వాత వరసగా పిన్నికి, మేనత్తకు తిరిగితే ఒకరి కళ్లకలక ఇంకొకరికి అంటడానికి ఒక్క పూట చాలు. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడకంలో ఉన్న 467 మేకప్ వస్తువులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో అన్నిటికంటే అధ్వానంగా తేలినవి ఫౌండేషన్ అద్దే స్పాంజీలు. 93 శాతం స్పాంజీలను ఒక్కసారైనా కడగలేదు. 64 శాతం కింద పడ్డవే.

సొంతానికి వాడుకునే బ్రష్షులను 7 నుంచి 10 రోజులకొకసారి కడగమని అమెరికా చర్మవైద్యుల అకాడమీ సలహా. పార్లర్‌లో ఆ లెక్క చెల్లదు. మనిషి మారితే బ్రష్షు మారాలి. అంటే ఖరీదైన సెట్టు ఒకటి కాక, సాదా సెట్లు మూడు నాలుగు ఉండాలి. వ్యవధి లేకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అయితే అది కడగడానికి బదులు కాదు. జిడ్డు పేరుకున్న పోగుల మీద ఆల్కహాల్ పని అంతంతమాత్రమే.

1994లో ప్లేగు భయంతో లక్షల మంది వదిలి పారిపోయిన నగరమిది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో వీధుల రూపు మారింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం పంచుకుంది. ఆ శ్రద్ధలో కొంత పార్లర్ బల్ల మీదికి రావడానికి గోరువెచ్చని నీళ్లు, చిన్నపిల్లల షాంపూ చాలు. పోగులను కిందికి వంచి, లోహపు కట్టులోకి నీళ్లు పోకుండా కడగాలి. పోతే లోపలి జిగురు వదిలి పోగులు రాలిపోతాయి. నీళ్లు పిండి, కొసలను వేళ్లతో సర్ది, బల్ల అంచున పోగులు బయటికి వచ్చేలా పడుకోబెట్టాలి. నిలబెడితే తడి పిడిలోకి దిగుతుంది. ఎండలో పెడితే వెంట్రుక పెళుసుబారుతుంది. తాపీ తీరాన వానాకాలం గాలిలోనే చెమ్మ. ఫ్యాను కింద రాత్రంతా ఉంచినా పూర్తిగా ఆరిందో లేదో తాకి చూశాకే సంచీలో సర్దాలి. కడిగాక కూడా ముక్క వాసన వదలని బ్రష్షును పారేయాల్సిందే.