చిన్నమ్మ చీరలో చిల్లులు... తప్పు మిషన్‌దా, మనదా?

ఆదివారం పొద్దున. బెంగళూరు నుంచి ఐరాలకొచ్చి ఇంకా బ్యాగు కూడా తెరవలేదు. దండెం మీది యూనిఫాం చీర పట్టుకొచ్చి చిన్నమ్మ అడిగింది: "రే అబ్బోడా, ఇది చూడు. ఎలకలు కొరికినాయా, ఇంకేమన్నానా?"

కుచ్చిళ్ల దగ్గర చిన్న చిన్న చిల్లులు. అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఎలక కొరికితే నూలు అట్లా రాలదు. "చేతులు చూపించు చిన్నమ్మా" అన్నా. కుడిచేతి రెండు వేళ్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ ఎర్రగా ఉన్నాయి. "సబ్బు పడలేదులే" అని చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

అది సబ్బు కాదు. బ్యాటరీ యాసిడ్.

చిన్నమ్మ చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఆర్నెల్ల కిందట అక్కడికి బ్యాటరీతో నడిచే స్క్రబ్బర్ డ్రయర్ వచ్చింది. మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో మీరు చూసే ఉంటారు. ముందు గుండ్రంగా తిరిగే బ్రష్షు, వెనక రబ్బరు పట్టీ, హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తుంటే నేల కడుక్కుంటూ, అప్పటికప్పుడే ఆరబెట్టుకుంటూ పోతుంది. కంపెనీ కుర్రాడు వచ్చి ఒక గంట డెమో ఇచ్చాడు. మిగతావాళ్లు వెనక్కి జరిగితే మా చిన్నమ్మ ముందుకు జరిగింది. అంతే, ఆపరేటర్ అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మిషన్ అరగంటకే ఆగిపోతోంది. బ్యాటరీ పోయిందని సూపర్‌వైజర్ తేల్చేశాడు. "ఆపరేటర్ మిస్టేక్, జీతంలో పట్టుకుంటాం" అన్నాడట. అందుకే వేళ్లు కాలినా ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక మాన్యువల్ పీడీఎఫ్ దించుకుని చదివా. పదకొండు భాషలున్నాయి. తెలుగు లేదు. డాక్యుమెంటేషన్ చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టేయడం మా ఆఫీసుల్లోనే జరుగుతుందనుకున్నా ఇన్నాళ్లూ.

ముందు మిషన్ కడుపులో ఏముందో చెబుతా. రెండు ట్యాంకులుంటాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, కొంచెం లిక్విడ్. అవి బ్రష్షు మీదికి దిగుతాయి. నేల రుద్దాక మురికినీళ్లను వెనకున్న రబ్బరు పట్టీ, అదే స్క్వీజీ, ఒకచోటికి లాగుతుంది. వాక్యూమ్ మోటరు వాటిని పీల్చి రెండో ట్యాంకులో పోస్తుంది. వీటన్నిటికీ తిండి పెట్టేవి అడుగున ఉండే బ్యాటరీలు. చిన్నమ్మ మిషన్‌లో ఆరు వోల్టులవి నాలుగు, కలిపి ఇరవై నాలుగు వోల్టులు. నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండేదాని చుట్టాలే. అమరాన్ బ్యాటరీలు మన ఉమ్మడి జిల్లా కంపెనీవే అని గొప్పగా చెప్పుకుంటాం కానీ, ఇంట్లో బ్యాటరీ మూత తీసి చూసినవాళ్లు ఎంతమంది?

"నీళ్లు ఎప్పుడు పోస్తావు?" అని అడిగా.

"సాయంత్రం ఛార్జింగ్ పెట్టేముందే పోస్తా. నిండుగా."

చిల్లుల గుట్టు అక్కడే ఉంది. ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి ద్రవం వేడెక్కి ఉబ్బుతుంది, బుడగలు లేస్తాయి. ముందే అంచుదాకా నింపితే అది మూతల్లోంచి పైకి పొంగుతుంది. పొంగేది నీళ్లు కాదు, సల్ఫ్యూరిక్ యాసిడ్. పొద్దున్నే వచ్చి 'నీళ్లు పడినాయే' అనుకుని ఉత్త చేత్తో గుడ్డ పెట్టి తుడిచింది. గుడ్డ నుంచి చీరకు తగిలింది. నూలు బట్ట మీద యాసిడ్ చుక్క అప్పుడే కనిపించదు, ఉతికాక చిల్లు పడుతుంది.

పద్ధతి ఏమిటంటే, ఛార్జింగ్ పూర్తయ్యాకే నీళ్లు పోయాలి. అది కూడా డిస్టిల్డ్ వాటరే. మా ఐరాల బోరునీళ్లలో ఉప్పెంతో కుండ అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ ఉప్పు బ్యాటరీలోకి పోతే ప్లేట్లు పాడవుతాయి. లోపల ప్లేట్లు పైకి తేలి కనిపిస్తున్నాయనుకోండి, అప్పుడు మాత్రం ఛార్జింగ్‌కు ముందు అవి మునిగేంతవరకే పోయాలి, మిగతాది ఛార్జయ్యాక. మట్టం తగ్గింది కదా అని యాసిడ్ మాత్రం కలపకూడదు. ఎందుకంటే ఆవిరైపోయేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది.

ఈ పని చేసేటప్పుడు కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు ఉండాలి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. "గాజులు ఎందుకురా తీసేది?" అని చిన్నమ్మకు కోపం వచ్చింది. రెండు టెర్మినళ్ల మధ్య లోహం పడితే వందల యాంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. ఇరవై నాలుగు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటాం. షాక్ సంగతి అటుంచండి, ఆ ఉంగరం ఎర్రగా కాలి వేలికి అతుక్కుపోతుంది. మెడలో తాళిబొట్టు వేలాడకుండా జాకెట్టు లోపలికి వేసుకోవాలన్నా. దానికి ఒప్పుకుంది.

యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కడుగుతూనే ఉండాలి. కంట్లో పడితే రెప్ప తెరిచిపెట్టి పావుగంటకు తగ్గకుండా నీళ్లు పారిస్తూ, మరొకరిని డాక్టరు కోసం పంపాలి. కంట్లో ఇంకేమీ వేయకూడదు. నేల మీద పడిన యాసిడ్ మీద మాత్రం వంటసోడా చల్లి, పొంగు ఆగాక తుడవచ్చు.

నన్ను ఇంతకన్నా భయపెట్టింది ఛార్జింగ్ గది. ఫోన్‌లో ఫోటో చూపించింది. మెట్ల కింద చీపుర్ల గది. కిటికీ లేదు. పక్కనే శానిటైజర్ డబ్బాలు. గోడకు కాణిపాకం వినాయకుడి పటం, దాని ముందు అగరబత్తి స్టాండు. "పొద్దున్నే అగరబత్తి ముట్టించి, స్వామికి దండం పెట్టుకునే మిషన్ ముట్టుకుంటా" అంది భక్తిగా.

నాకు ఒళ్లు జలదరించింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ చివర్లో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వతో పేలుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి కన్నా తేలిక కాబట్టి మూసిన గదిలో పైకప్పు కింద చేరుతుంది. రాత్రంతా తలుపు వేసిన గదిలో, పొద్దున్నే మొదటి పని అగ్గిపుల్ల గీయడం! ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే ఆ స్వామి దయే అనాలి. ఛార్జింగ్ పెట్టే చోట గాలి ఆడాలి, మాన్యువల్ చెప్పినట్టు బ్యాటరీ పెట్టె మూత తెరిచి ఉంచాలి, దగ్గర్లో నిప్పు, స్పిరిట్, శానిటైజర్ ఉండకూడదు. స్విచ్ ఆపాకే వైరు లాగాలి. వైరు పట్టుకుని కాదు, ప్లగ్గు పట్టుకుని.

ఛార్జింగ్‌కు ఇంకో రెండు మాటలు. పని అయిన ప్రతిరోజూ పెట్టాలి. ఖాళీగా వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపల ప్లేట్లు గట్టిపడిపోతాయి. 'ఎనిమిది గంటలు పెట్టినా కదా' అని తీసేయకూడదు, మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. పచ్చలైటు రావాలి. జెల్, ఏజీఎం రకాల్లో నీళ్లు పోసే పనే లేదు. లిథియం అయితే ఛార్జరే వేరు. ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పెడితే బ్యాటరీ పోవచ్చు, మంటలు కూడా రావచ్చు.

ఇక నేల మీది పని. ఇందులో చిన్నమ్మే నాకు గురువు. మా ఐరాల మండలంలోనే కాణిపాకం. భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేలంతా పారాయనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ స్థలపురాణం. ఆసుపత్రికి ముందు ఆమె అక్కడికి దగ్గర్లో ఒక కల్యాణ మండపం ఊడ్చేది. "పూలదారం ఒక్కటి చాలబ్బా, బ్రష్షుకు చుట్టుకుంటే మిషన్ కుయ్యోమంటాది" అంటుంది. అందుకే ముందు పొడిగా ఊడ్చి, దారాలు, సూదులు, కట్టుగుడ్డల ముక్కలు ఏరేయాలి. కర్పూరం నిప్పు, పెట్రోలు, థిన్నర్ లాంటివి ఈ మిషన్‌తో పీల్చకూడదు. లోపలున్నది మోటరు మరి.

మామూలు బట్టల సబ్బుపొడి వేస్తే నురగ లేచి వాక్యూమ్ మోటరులోకి పోతుంది. తక్కువ నురగ వచ్చే లిక్విడ్, అదీ కొలత ప్రకారం. 'ఎక్కువేస్తే ఎక్కువ తెల్లన' అనేది అబద్ధం, నేల జారుతుందంతే. బాత్రూంలు కడిగే యాసిడ్, బ్లీచింగ్ ఒకే ట్యాంకులో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఆసుపత్రిలో ఊపిరాడనివాళ్లు ముందే ఉన్నారు, కొత్తగా మనం తయారుచేయొద్దు.

బ్యాటరీలు, నీళ్లు కలిపి మిషన్ బరువు నూటయాభై కిలోలు దాటొచ్చు. ర్యాంపు మీద అది జారితే ఆపడం మనిషి తరం కాదు. వాలు ఎంతవరకు పనికొస్తుందో ఒక్కో మిషన్‌కు ఒక్కో లెక్క ఉంటుంది, చూసుకోవాలి. మలుపుల దగ్గర స్క్వీజీ కొంచెం నీళ్లు వదిలేస్తుంది. వాకర్ పట్టుకుని నడిచే పేషెంటు జారేది ఆ మలుపులోనే. అక్కడ ఎల్లో బోర్డు పెట్టి, తుడుపుగుడ్డ చేత్తో పట్టుకుని తిరగాలి.

పని అయ్యాక మురికి ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మూత తెరిచి ఉంచితే కంపు రాదు. స్క్వీజీ రబ్బరు తుడవాలి. నేల మీద గీతలు పడుతుంటే రబ్బరు అంచు అరిగినట్టు. చాలా మిషన్లలో దాన్ని తిప్పి వేసుకోవచ్చు, నాలుగు అంచులూ వాడుకోవచ్చు. బ్రష్షు నేలకు ఆనించి వదిలేస్తే కుచ్చు వంగిపోతుంది. ఏ రిపేరుకైనా ముందు తాళంచెవి తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి.

ఇవన్నీ చిన్న చిన్న వాయిస్ నోట్లుగా చేసి చిన్నమ్మకు వాట్సాప్‌లో పంపా. ఆమె తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, వింటే మాత్రం మర్చిపోదు.

సోమవారం లీవు పెట్టి ఆమెతోపాటు ఆసుపత్రికి వెళ్లా. నిజం చెప్పాలంటే నాకూ భయమే, గొడవైతే ఉద్యోగం పోయేది ఆమెకి. మిషన్ అమ్మినవాళ్ల మెకానిక్ వచ్చి చూశాడు. ఒక బ్యాటరీ పూర్తిగా పోయింది. మూడు పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే అదీ త్వరగా పోతుంది కాబట్టి మొత్తం సెట్టు మార్చాలన్నాడు. సూపర్‌వైజర్ చిన్నమ్మ వైపు చూశాడు. మెకానిక్ అడిగాడు: "మెయింటెనెన్స్ రిజిస్టర్ ఉందా?" లేదు. నేను అడిగా: "ఈమెకు ట్రైనింగ్ ఇచ్చినట్టు కాగితం ఉందా సార్?" అదీ లేదు.

పనివాళ్ల నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలితేనే జీతంలో కోత పెట్టాలి, అది కూడా వాళ్ల సంజాయిషీ విన్నాకే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేదీ మాట. రాత్రే చదువుకుని పోయా కాబట్టి గొంతు వణక్కుండా చెప్పగలిగా. సూపర్‌వైజర్ నవ్వి, "చూద్దాం లెండి" అన్నాడు. ఆ నెల జీతం పూర్తిగానే పడింది. కానీ కొత్త బ్యాటరీలు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మూడంతస్తులూ చిన్నమ్మ మాప్ కర్రతోనే తుడిచింది. నడుము నొప్పి ఇంకా ఉంది.

ఇప్పుడు ఛార్జింగ్ వెనక వరండాలో, గ్రిల్ పక్కన. వినాయకుడి పటం రిసెప్షన్ గోడకు మారింది. మిషన్ హ్యాండిల్‌కు దారంతో ఒక నోటుపుస్తకం కట్టి ఉంది. తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని నీళ్లు పట్టింది అన్నీ ఆమే రాస్తుంది. మొన్న పేజీ ఫోటో తీసి పంపింది. చివర్లో వంకర అక్షరాలతో ఉంది: 'రబ్బరు తిప్పినా. కొత్త పాపకు గాజులు తీపించినా.'