విండో పీరియడ్

కండోమ్ లేకుండా కలిసిన మర్నాడే ల్యాబ్‌కు పరుగెత్తి, ‘నెగెటివ్’ కాగితం చూసి ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. ఆ కాగితం చెప్పేది పాత సంగతి, నిన్నటిది కాదు. క్రిమి ఒంట్లో చేరినా పరీక్షకు చిక్కని ఆ కాలమే విండో పీరియడ్. హెచ్‌ఐవీ అయితే, వేలికొన రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజుల వరకు, ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్షకు 45 రోజుల వరకు పట్టొచ్చు. ఈలోగా ప్రతి దురదా భయపెడుతుంది. లక్షణాలను నమ్ముకోలేం: సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. క్లమీడియా చాలామందిలో చడీచప్పుడు చేయదు. వెంటనే డాక్టర్‌ని అడగాల్సింది పెప్ మందుల గురించి. హెచ్‌ఐవీని అడ్డుకునే వీటిని కలిసిన 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ (సలహా, పరీక్షా కేంద్రం)లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా డబ్బులు పడవు.