సెలవుకు ముందే ఉద్యోగం పోతే?

ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని తొలగించకూడదని హైటెక్ సిటీలో ఏ హెచ్‌ఆర్ విభాగానికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 12వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. 2017 సవరణ 12 వారాల సెలవును 26 వారాలు చేసింది, 50 మందికి తగ్గకుండా పనిచేసేచోట క్రెష్ ఉండాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ రక్షణలను తనలో కలుపుకొంది. ఇంత ఉన్నా, మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసులోనైనా గర్భవతి అయిన ఇంజినీరు ఆ కబురు మేనేజరుకు ఎప్పుడు చెప్పాలా అని తటపటాయించాల్సి వస్తోందంటే, అందుకు చట్టంలోనే ఒక కారణం ఉంది.

ఆ సెక్షన్‌ను నిదానంగా చదవాలి. తొలగింపును నిషేధించింది ఆమె సెలవులో ఉన్న కాలానికే. సెలవు పెట్టకముందు, కడుపుతో ఆఫీసుకు వస్తున్న నెలల్లో తీసేస్తే? అప్పుడు ప్రసూతి సొమ్ము ఎగ్గొట్టరాదని మాత్రమే ఆ సెక్షన్ అంది. డబ్బుకు హామీ ఉంది, కొలువుకు లేదు. కొత్త స్మృతి కూడా ఈ ఖాళీని పూడ్చలేదు. పైగా ఐటీలో తొలగింపు ఆ పేరుతో జరగడం అరుదు. ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేసి బెంచ్ మీద కూర్చోబెట్టవచ్చు. రేటింగ్ తగ్గించి, పనితీరు మెరుగుపరచుకోవాలంటూ గడువు విధించే పీఐపీలో పెట్టవచ్చు. ‘మీరే పేపర్లు పెట్టండి, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం’ అనవచ్చు. చివరికి రికార్డులో మిగిలేది ఒక రాజీనామా మెయిల్. దాని వెనుక ఒత్తిడి ఉందని రుజువు చేయాల్సింది ఆమే. ప్రాజెక్టు కేటాయింపులు, రేటింగుల లెక్కలు, పాత మెయిళ్లు కంపెనీ సర్వర్లలో ఉంటాయి. ల్యాప్‌టాప్ అప్పగించిన రోజే అవి ఆమెకు అందకుండా పోతాయి. ఆధారాలు ఒకరి చేతిలో, రుజువు భారం మరొకరి నెత్తిన ఉన్నప్పుడు హక్కు ఎంత గట్టిగా రాసుకున్నా ఏం లాభం?

కోర్టులు తోడు రాలేదని కాదు. తొలి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోవాలన్న ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. నెలసరి తేదీలు, గర్భాల వివరాలు అడిగే ఎల్ఐసీ ఫారాన్ని 1991లో నీరా మాథుర్ కేసులో తప్పుపట్టి, ఆమెను తిరిగి కొలువులోకి తీసుకోమంది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగవని 2023లో కవితా యాదవ్ కేసులో చెప్పింది. వెండర్ల ద్వారా పనిచేసే వారికి ఈ తీర్పు ఎంతో విలువైనది. కానీ ఈ మూడింటిలోనూ ఎదుటి పక్షం ప్రభుత్వమో ప్రభుత్వ సంస్థో. ప్రైవేటు కంపెనీ మీద నోటీసు పీరియడ్‌లో ఉన్న గర్భిణి ఒంటరిగా అంత దూరం నడవాలని ఆశించడం న్యాయం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒడంబడిక అందుకే రుజువు భారాన్ని యజమాని మీద పెట్టింది. భారత్ దాన్ని ఆమోదించలేదు. తొలగింపుకు గర్భంతో సంబంధం లేదని కంపెనీయే చూపాలన్నది ఆ ఒడంబడిక సారం. నిజంగా పని బాగాలేకపోతే, ప్రాజెక్టు మూతపడితే ఏం చేయాలని కంపెనీలు అడుగుతాయి. కారణం నిజమైతే దాన్ని కాగితం మీద పెట్టడానికి ఇబ్బంది ఉండకూడదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఖర్చుది. 26 వారాల జీతం మొత్తం యజమానే భరించాలంటే అసలు ఆడవాళ్లను తీసుకోవడమే మానేస్తారన్న వాదనను కొట్టిపారేయలేం. దానికి జవాబు హక్కును కుదించడం కాదు, ఖర్చును పంచడం. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న హౌస్‌కీపింగ్ మహిళకు ప్రసూతి సొమ్ము ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది, ఆమె యజమాని మీద ఒక్కసారిగా పడదు. అదే అంతస్తులో కూర్చునే ఇంజినీరుకు అలాంటి ఉమ్మడి నిధి లేదు. కంపెనీలన్నీ ఎంతోకొంత చందా కట్టే నిధి ఉంటే, ఏ మేనేజరూ గర్భిణిని తన బడ్జెట్‌కు బరువుగా చూడడు.

నిధికి ఢిల్లీ కదలాలి. రుజువు విషయంలో మాత్రం హైదరాబాద్ ఆగనక్కర్లేదు. పని గంటలు, రాత్రి షిఫ్టుల నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చింది. మహిళలకు రవాణా, భద్రత కల్పించాలన్న షరతులు పెట్టింది. వాటికి ఇంకొకటి చేర్చాలి. గర్భం సంగతి తెలిపిన నాటి నుంచి ప్రసూతి సెలవు ముగిసేదాకా ఏ ఉద్యోగిని కంపెనీ విడిచినా, అది రాజీనామాయే అయినా, కారణాలు కార్మిక శాఖకు రాతపూర్వకంగా చేరాలి. ఆ శాఖ అధికారి ఆమెతో విడిగా మాట్లాడాకే ఆ రాజీనామా చెల్లాలి.